కుర్చీల రంగు మాత్రం అడిగారు

మా ఊరి రంగస్థలం ముందు కుర్చీలు నీలం రంగువి వేయాలా, ముదురు ఎరుపువి వేయాలా అని మమ్మల్ని అడిగారు. ఆ ఒక్క మాట అడగడానికి గుంటూరు నుంచి అధికారులు రెండు కార్లలో వచ్చారు. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. 'మన కళ, మన నిర్ణయం' అని ఫ్లెక్సీ కట్టారు. రెండు రంగుల కుర్చీల బొమ్మలు అట్టల మీద అంటించి, తలా ఒక కాగితం బిళ్ల చేతిలో పెట్టి, నచ్చిన బొమ్మ మీద అతికించమన్నారు. ప్రజల భాగస్వామ్యం అంటే ఇదేనని వాళ్ల సలహాదారు మైకులో చెప్పాడు. మిరపకోత నుంచి నేరుగా వచ్చిన ఆడవాళ్లు, మండే వేళ్లతో ఆ బిళ్ల వెనక కాగితం ఊడదీయలేక అవస్థపడుతూ వరుసలో నిలబడ్డారు. ఎరుపు గెలిచింది. చప్పట్లు కొట్టించారు.

అసలు కుర్చీలు కావాలా అని ఎవరూ అడగలేదు.

ప్రత్తిపాడు వైపు నుంచి వస్తుంటే మా ఊరి మొదట్లోనే కనిపిస్తుంది ఆ రంగస్థలం. నాపరాళ్లు పరిచిన ఎత్తయిన అరుగు, వెనక ఒక గోడ, పైన రేకులు. అంతే. మూడు వైపులా తెరిచే ఉంటుంది. ముందు ఖాళీ నేల. వేసవిలో పద్యనాటకాల పోటీలు, డిసెంబరులో చర్చి వీధి వాళ్ల క్రిస్మస్ నాటకం అక్కడే జరుగుతాయి. గోనెపట్టా తెచ్చుకున్నవాళ్లు దాని మీద, తెచ్చుకోనివాళ్లు నేల మీద కూర్చుంటారు. దారిన పోయే ట్రాక్టరు కూడా ఆగుతుంది, ట్రక్కులో ఉన్న కూలీలు పత్తి నింపిన బోరేల మీద కూర్చునే ఒక రంగం చూసి వెళ్లిపోతారు. టిక్కెట్టు లేదు, గేటు లేదు. వెనక గోడలో మా తాతగారి పేరున్న రాయి ఉంది. స్థలం ఆయన ఇచ్చింది.

నాకు అరవై దాటాయి. మా ఊళ్లో ఇప్పటికీ నన్ను అమ్మాయిగారు అనే పిలుస్తారు. మా పొలాలు కోర్టుల్లో కొన్ని, పత్తిలో కొన్ని పోయాయి. మా ఇల్లు ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ ఆయనది. నేను ఉంటున్నది ఒకప్పటి మా గుమాస్తా ఇంట్లో. గుంటూరులో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల తీర్మానాలు టైపు చేసిన చేతులు ఇవి. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, కాగితం ఎలా మోసం చేస్తుందో నాకు తెలియదని ఎవరూ అనుకోకూడదు.

ఆ రోజు సభ మొదలుకాక ముందే, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితాలతో ఒక ఉద్యోగి నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. "మొదటి సంతకం తమరిదే ఉండాలని ఊళ్లో వాళ్లు అంటున్నారండి" అన్నాడు. పై కాగితం మీద 'హాజరు' అని ఉంది. కింద ఇంకో రెండు కాగితాలున్నాయి. నేను తిప్పి చూడలేదు. తిప్పి చూస్తే ఎదుటి మనిషిని అనుమానించినట్టు ఉంటుందని, అది మా ఇంటి మర్యాద కాదని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. కాగితం మీద మొదటి వరుస నా కోసం ఖాళీగా ఉంచారు. ఆ ఖాళీ చూసేసరికి నా కడుపు నిండిపోయింది. ఇంటిపేరు పూర్తిగా రాసి మరీ సంతకం పెట్టాను. నా వెనక ఊరంతా పెట్టింది.

మా తాతగారి రోజుల్లో ఇలాంటి సభలేమీ ఉండేవి కావు. ఏ నాటకం ఆడాలో, ఏ నాటక సమాజాన్ని పిలవాలో ఆయనే చెప్పేవారు. ఆయన కుర్చీ పక్కన నాకొక చిన్న పీట. వెనక్కి ఆనుకుంటే ఒప్పుకునేవారు కాదు. "వీపు ఆనించేది అలిసిపోయినవాళ్లు" అనేవారు. పద్యం బాగుంటే 'వన్స్ మోర్' అని కేకేయడం మా వైపు ఆచారం. కేక పడిందంటే రాజు వేషగాడైనా సరే, చచ్చిపడ్డవాడైనా సరే, లేచి ఆ పద్యం మళ్లీ పాడాల్సిందే. నాటకం ఆడేవాళ్ల మీద చూసేవాళ్లకున్న అధికారం అదొక్కటే. మా ఊళ్లో మాత్రం ఆ అధికారం తాతగారిది. ఆయన చేతికర్ర పైకెత్తితే వన్స్ మోర్. ఎత్తకపోతే లేదు. వెనక నేల మీద కూర్చున్నవాళ్లు అరవకూడదు. అది పద్ధతి అనుకున్నాను. చాలాకాలం దాన్ని అభిరుచి అని కూడా అనుకున్నాను.

సభ జరిగిన నెలకి కొలతల టేపులతో మనుషులు వచ్చారు. రంగస్థలం చుట్టూ మూడు వైపులా రాళ్లు పాతి పోయారు. ఆ సాయంత్రం టీచరు గారు మా ఇంటికి వచ్చింది. చర్చి వీధి ఆవిడ. స్కూల్లో చెప్పి రిటైరయింది. డిసెంబరు నాటకం రాసేది, నేర్పేది, తెర పక్కన నిలబడి మాటలు అందించేది ఆవిడే. నేను కూర్చోమనే లోపే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ సంగతి నేను గమనించానని ఒప్పుకుంటాను.

"అమ్మాయిగారూ, ఇది చూశారా" అని పంచాయతీ ఆఫీసు నుంచి తీయించుకొచ్చిన జిరాక్సు కాగితాలు నా ముందు పెట్టింది.

మొదటిది మా హాజరు పట్టీ. రెండోది తీర్మానం. రంగస్థలాన్ని మూడు వైపులా గోడలతో మూసి హాలుగా మార్చుటకు, దాని నిర్వహణను ఒక సంస్థకు అప్పగించుటకు, అందులో ఏ కార్యక్రమాలు జరగవలెనో నిర్ణయించు అధికారం సదరు సంస్థకే ఉండుటకు గ్రామస్థులు ఏకగ్రీవంగా అంగీకరించిరి. జతపరచినది: గ్రామస్థుల సంతకములు. మొదటి సంతకం నాది.

ఒళ్లు మండిపోయింది. "ఇది దొంగతనం" అన్నాను.

"దొంగతనమే. తాళం చెవి మనమే ఇచ్చాం" అంది టీచరు గారు. "మావోళ్లు ఎందుకు పెట్టారో తెలుసా అండీ. పైన మీ పేరుంది. ఆఫీసు కాగితాల్తోనే బతికిన మనిషి, ఆవిడ చూసే పెట్టుంటది అనుకున్నారు."

"నేను చూడలేదు."

"చూళ్లేదని నాకు తెలుసు. ఊరికి తెలవదు." కాగితాలు సర్దుతూ మళ్లీ అంది. "ఈ డిసెంబరుకి మేం అర్జీ పెట్టుకోవాలంట. నాటకం పుస్తకం పంపాలంట. వాళ్లకి నచ్చితే ఇస్తారంట. మా నాటకంలో గొర్రెల కాపరులందరూ పగలంతా పత్తి తీసి వచ్చే ఆడోళ్లు. వాళ్ల నాటకం ఎక్కడో కూర్చున్నోళ్లు ఎందుకు మెచ్చాలండీ? ఊరి ముందు ఆడకపోతే అది నాటకమే కాదు. మళ్లీ సభ పెట్టమని అడుగుతున్నాం. మీరొచ్చి చెప్పండి."

"ఏమని?"

"చదవకుండా పెట్టానని."

నాకు కోపం ఆవిడ మీదికి మళ్లింది. మా తాతగారు ఇచ్చిన స్థలం గురించి, మా కుటుంబం ఈ ఊరికి నేర్పిన నాటకం గురించి చాలా మాట్లాడాను. వాళ్లు అడగాల్సింది మమ్మల్ని, అడగకుండా ఎలా చేస్తారు అన్నాను. ఆవిడ అంతా విని, "మీ తాతగారు ఎవర్ని అడిగారండీ?" అంది.

ఆవిడ గొంతులో కోపమేమీ లేదు.

"మా నాన్న ఒకసారి వెనక నుంచి వన్స్ మోర్ అన్నాడు. మీరు ఆ పీట మీదే ఉన్నారు. మీ తాతగారు నాటకం ఆపించి మా నాన్నని బయటికి పంపించారు. నేను నాన్న చెయ్యి పట్టుకుని పోయా. మిగతా నాటకం రోడ్డు మీంచి విన్నాం. గోడల్లేవు గదా, వినపడింది."

నాకు ఆ రాత్రి గుర్తుంది. ఎవరో అల్లరి చేశారని గుర్తుంది. పద్యం మాత్రం నిజంగా బాగుంది. తాతగారికి నచ్చలేదు, అంతే.

రెండో సభ ఎండలు ముదిరాక జరిగింది. ఈసారి ఫ్లెక్సీ లేదు. అధికారి తీర్మానం చదవడానికి లేచి, బస్సులో కండక్టరు ఊళ్ల పేర్లు చెప్పినట్టు గబగబా చదివేశాడు. చదివి కాగితం మడుస్తుండగా మా ఊరి టైలరు, నాటకాలకు తెరలు కుట్టే సాయిబు గారు, గోనెపట్టా మీద నుంచి లేవకుండానే "వన్స్ మోర్" అన్నాడు.

జనం నవ్వారు. అధికారి కూడా నవ్వి, "ఏంటండీ, పద్యం అనుకున్నారా" అన్నాడు.

"పద్యమే సార్. అర్థం కాలా. తాళం తప్పకుండా నిదానంగా చదవండి."

మళ్లీ చదివాడు. 'నిర్ణయించు అధికారం' దగ్గర గొంతు తగ్గించాడు. వెనక నుంచి ఆడవాళ్లు అందుకున్నారు, వన్స్ మోర్ అని. మూడోసారి చదివేసరికి షామియానా కింద నవ్వు లేదు. "అంటే మా నాటకం మేం ఆడుకోవాలంటే ఎవుర్నో అడగాలా" అంది మిరపకోత ముఠాకి పెద్ద ఒకావిడ. "తుళ్లూరులో మా బావ రాజధాని భూమి కాగితం పదిమందితో చదివించుకుని గానీ వేలు పెట్టలా. మనం టీ తాగి పెట్టాం" అన్నాడు ఇంకొకాయన.

అధికారి సంతకాల పేజీ పైకెత్తి చూపించాడు. "మీ అందరి ఇష్టంతోనే జరిగిందండీ. మొదటి సంతకం అమ్మగారిది. చదువుకున్న మనిషి. స్థలం ఇచ్చిన కుటుంబం."

అక్కడున్న అందరికంటే ఆ మనిషికే నేను బాగా అర్థమయ్యాను. మా ఊరిని ఎక్కడ పట్టుకుంటే కదులుతుందో కనుక్కుని, అక్కడ పట్టుకున్నాడు. మాకు మర్యాద చేసినట్టే చేసి, ఆ మర్యాదతోనే ఊరి నోరు మూయించాడు. ఈ రోజుకీ తలుచుకుంటే నా రక్తం ఉడుకుతుంది.

లేచాను. "అది హాజరు పట్టీ అని చెప్పి పెట్టించారు. కింద కాగితాలు నేను తిప్పి చూడలేదు. చదవకుండా సంతకం పెట్టాను. నన్ను చూసి వీళ్లు పెట్టారు" అన్నాను.

కూర్చోబోతుంటే వెనక ఎక్కడి నుంచో ఒక కేక వచ్చింది.

"వన్స్ మోర్."

ఎవరో నేను తిరిగి చూడలేదు. తాతగారైతే సభ ఆపించేవారు. ఈ వంశంలో పుట్టి ఈ మాట రెండుసార్లు చెప్పాలా అనిపించింది. కానీ ఆ కేకలో వెక్కిరింత ఎంత ఉందో, మైకు లేక చివరి వరుసలకు నా మాట నిజంగా వినపడకపోవడం ఎంత ఉందో నేను తేల్చలేకపోయాను. కేక పడ్డాక మళ్లీ పాడాల్సిందే. గొంతు పెంచి మళ్లీ చెప్పాను. ఈసారి "తప్పు నాది" అని కూడా కలిపాను. మొదటిసారి ఆ ముక్క మింగేశానని అందరికంటే నాకే ముందు తెలుసు.

అభ్యంతరాలుంటే రాతపూర్వకంగా ఇమ్మని చెప్పి వాళ్లు కార్లెక్కారు. అర్జీ చర్చి వరండాలో రాశాం. టీచరు గారు రాసింది, సాయిబు గారు అడ్డం తగిలాడు, కోత ముఠా పెద్ద రెండు వాక్యాలు కొట్టేయించింది. సంతకాలప్పుడు మొదటి వరుస ఎవరి కోసమూ ఖాళీగా ఉంచలేదు. కాగితం నా దగ్గరికి వచ్చేసరికి రెండు పేజీలు నిండాయి. గుచ్చుకోలేదని చెప్పను. మొదటి నుంచి చదివాను. అందరూ ఓపిగ్గా ఆగారు. ఒక వేలిముద్ర కింద, మిగిలిన చోట సంతకం పెట్టాను.

ఇప్పుడు పత్తి తీతలు జరుగుతున్నాయి. గోడలు లేవలేదు. జవాబూ రాలేదు. పాతిన రాళ్లు అలాగే ఉన్నాయి. వాటిలో ఒకదానికి తెర తాడు కట్టి చర్చి వీధి వాళ్లు రిహార్సలు వేస్తున్నారు. పోయిన వారం మాత్రం ఒక ఉత్తరం వచ్చింది, నా పేరు మీద. గ్రామస్థులు ఎంపిక చేసిన ఎరుపు కుర్చీల నమూనా సిద్ధమైందట. చూసి సంతృప్తి తెలుపుతూ సంతకం చేసి పంపాలట.

ఉత్తరం తీసుకెళ్లి టీచరు గారికి ఇచ్చాను. ఆవిడ రిహార్సలు ఆపి వేదిక మీద నుంచి చదివింది. ఏం జవాబు రాయాలో ఇంకా తేలలేదు. కుర్చీల మాట ఎత్తకుండా అర్జీ ఏమైందని మాత్రమే అడగాలని సాయిబు గారు అంటాడు. కుర్చీలు అక్కర్లేదని ముందే రాయాలని కోత ముఠా పెద్ద పట్టుబట్టింది. వయసు మళ్లినవాళ్లకి పది కుర్చీలుంటే తప్పేంటని ఇంకొకరు. వారం నుంచి ఇదే తగువు. తాతగారి రోజుల్లో ఇది ఒక్క నిమిషంలో తేలిపోయేది.