జానయ్య బండి చప్పుడు

అది 2007 జనవరి. మట్టి ట్రాక్ బైక్ రేసుల్లో అప్పటికి వరసగా మూడుసార్లు ఆఖరున వచ్చాను. తప్పంతా నా బండిదేనని గట్టి నమ్మకం. కోదాడలో దాన్ని బాగుచేసే సైదులు మాత్రం, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది అన్నా నీ యవ్వారం. బండిదేముంది, చెయ్యి ఉండాల" అని ఏడిపించేవాడు. ఆ సైదులే ఫోన్ చేసి, మిర్యాలగూడ దగ్గర జానయ్య బండి అమ్మకానికి ఉందన్నాడు. ఆ పాత టూ స్ట్రోక్ బండి మీద జానయ్య ఓడిపోగా ఎవరూ చూడలేదు. ఏడాది క్రితం జ్వరంతో పోయాడు. అది నా చేతికొస్తే వచ్చే నెల రేసు నాదే, సైదులు నోరూ మూతపడుతుందనుకున్నాను.

సూర్యాపేటలో ఐదున్నర బస్సెక్కాను. మునగాల దాటేసరికి మంచు కమ్మేసి, దాబాల లైట్లు తప్ప ఏమీ కనబడలేదు. ఏడింటికి కోదాడలో దిగి టీ తాగి, సైదులు బండి మీద హుజూర్‌నగర్ మీదుగా బయల్దేరాం. గంటన్నర దారి, వంద రూపాయల పెట్రోలు. మిర్యాలగూడ పది కిలోమీటర్లుందనగా సాగర్ కాలువ పక్క పల్లెలోకి తిరిగాం. అప్పటికీ మంచు విడవలేదు.

జానయ్య బావ పాకలోంచి బండి తీసిచ్చాడు. "ఊరి దిక్కు తోలి సూడు. కాల్వ దిక్కు పోకు, మా ఆమె గొర్లను తోలుకపోయింది" అన్నాడు. కాలువ కట్టే తిన్నగా ఉంది కదా, రేసు బండిని సందుల్లో ఏం చూస్తామని అటే తిప్పాను.

బండి అద్భుతం. రెండో గేరులోనే ముందుకు గుంజింది. అంతలో మంచులోంచి ఒక గొర్రె వచ్చి పక్కన పరుగెత్తసాగింది. తర్వాత నాలుగు. తర్వాత లెక్కలేనన్ని, రెండు వైపులా. ఒక్కటీ అరవడం లేదు. మెడ గంటలు, గిట్టల చప్పుడు, అంతే. బ్రేకు నొక్కగానే జారి పడ్డాను. అవి చుట్టూ మూగి నా చేతులు, మొహం వాసన చూశాయి. ఒక్కొక్కటే మొహం తిప్పుకుని మంచులోకి వెళ్లిపోయాయి.

"జానిగా!" అంటూ ఒకామె కట్ట వెంట ఉరికి వచ్చింది. నన్ను చూసి ఠక్కున ఆగింది. జానయ్య అక్క, వీరమ్మ.

"సప్పుడిని వాడే అనుకున్న," అంది రొప్పుతూ. "పొద్దుగూకంగ మా తమ్ముడు ఈడ బండి రేజు జేస్తే మంద ఇంటికొచ్చేది. ఇంజన్ జాం అయితదని మా ఆయన వారానికోసారి స్టార్ట్ జేస్తడు. గప్పుడల్లా ఇవి రోడ్డు మీదికి ఉరుకుతున్నయి. రెండు లారీ కింద వడ్డయి. తీస్కపో అన్నా."

"నీకు ఇష్టమేనా అక్కా?"

"ఇదుంటే అవే గాదు, నేను సుత ఎదురుసూస్తనే ఉంట. ఊరు దాటిందాక స్టార్ట్ జెయ్యకు, నెట్టుకపో."

డబ్బు ఆమె భర్తకిచ్చి మూడు కిలోమీటర్లు నెట్టాను. సైదులు ఏడిపించడం మాని తన బండినీ నా వెంటే నెట్టాడు. వెనక గంటలు వినబడుతూనే ఉన్నాయి. తిరిగి చూసే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఆ బండి మీద కూడా నేను ఆఖరే. బండా మనిషా అని ఎవరైనా వాదిస్తే ఇప్పుడు ఊరుకుంటాను. ఆ గొర్రెలకు తెలుసు. బండిని గుర్తుపట్టి వచ్చాయి, మనిషి వేరని తెలిసి వెళ్లిపోయాయి. వాటికి పట్టినంత సేపే వీరమ్మకూ పట్టింది. ఆ కాసేపు ఆమె మొహంలో ఉన్న సంతోషాన్ని చూసినవాణ్ణి నేనొక్కణ్ణే, దాన్ని పోగొట్టినవాణ్ణీ నేనే.

చలికాలంలో ఆ కట్ట మీద వెళ్తే పది దాటాక, మంచు విడిచాక వెళ్లండి. మంద ఎదురైతే హారన్ కొట్టొద్దు. ఇంజన్ ఆపి నిలబడండి, మీరెవరో చూసుకుని వెళ్లిపోతాయి.