తిరగని విమానం

నా చిన్నప్పుడు పాలకాయతిప్పలో మా ఇంటి మీదుగా అప్పుడప్పుడు యుద్ధ విమానాలు వెళ్లేవి. ముందు విమానం కనిపించేది, శబ్దం వెనకాల వచ్చేది. ఆ రెండింటికీ మధ్య ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలనో చూసుకోవడం నాకు ఆట. ఆ ఆట నేర్పింది మా మావయ్య, అమ్మకు తమ్ముడు. వైమానిక దళంలో మెకానిక్‌గా పనిచేసి, రిటైరై వచ్చి మాతోనే ఉండేవాడు. బడిలో చెప్పని లెక్కలు నాకు ఆయన దగ్గరే వచ్చాయి.

విమానాల పేర్లలో కూడా ఒక పద్ధతి ఉందని ఆయనే చెప్పాడు. రష్యావాళ్లు తమ ఫైటర్లకు బేసి సంఖ్యలే పెడతారట: ఇరవై ఒకటి, ఇరవై మూడు, ఇరవై ఏడు, ఇరవై తొమ్మిది. సరి సంఖ్యలు ఏం పాపం చేశాయని నేను అడిగితే, "వాళ్ల ఆచారమే, మనకెందుకు" అని నవ్వేవాడు. మన దేశానికి వచ్చాక వాటికి మన పేర్లు పెడతారు. ఇరవై తొమ్మిదిని బాజ్ అంటారు, అంటే డేగ. రష్యాది కాని ఇంకో రకాన్ని శంషేర్ అంటారు, అంటే కత్తి. డేగ పని ఆకాశంలో మరో పిట్టను పట్టడం. కత్తి పని నేల మీద ఉన్నదాన్ని కొట్టడం. పేరు పెట్టినవాళ్లు దాని పని చూసే పెట్టారని ఆయన నమ్మకం.

ఆ ఏడు వాయుగుండం రేడియోలో చెప్పినదానికంటే ముందే వచ్చింది. చేపల వేటకు వెళ్లిన పడవలన్నీ ఎలాగో ఒడ్డుకు చేరాయి, ఒక్కటి తప్ప. అందులో పక్కింటి అక్క భర్త ఉన్నాడు. నేను ఆయన్ని బావా అని పిలిచేదాన్ని. పెళ్లయి రెండేళ్లు కూడా కాలేదు.

మా వాళ్లకు సముద్రం మీద ఒక కట్టుబాటు ఉంది. ఆపదలో ఉన్న పడవ తెడ్డుకు గుడ్డ కట్టి పైకెత్తుతుంది. అది చూసినవాడు ఎంత వేట వదులుకునైనా పడవ తిప్పాలి. చూసి తిప్పనివాడికి ఊళ్లో పొయ్యిలోకి నిప్పు కూడా ఇచ్చేవాళ్లు కాదు. అంతకు మించిన పాపం మాకు తెలియదు.

మర్నాడు గాలి తగ్గి ఆకాశం తేటపడింది. ఊరంతా ఒడ్డునే ఉంది. అప్పుడు దక్షిణం వైపు నుంచి విమానం వచ్చింది. అక్క తన ఎర్ర చీర తెడ్డుకు కట్టి పైకెత్తింది. మిగతా ఆడవాళ్లు కొంగులు ఊపారు. పైన ఉన్నవాడికి సముద్రమంతా కనిపిస్తుందని, మమ్మల్ని చూస్తే మా పడవ కోసం తిరుగుతాడని అందరి ఆశ. విమానం మా నెత్తి మీదుగా బందరు వైపు దూసుకుపోయింది. శబ్దం వచ్చి, అదీ పోయింది. తిరగలేదు.

ఎవరో ముసలమ్మ సర్దిచెప్పింది. "చూసే ఉంటాడే. కబురు చెప్పడానికెళ్లాడు."

అక్క తెడ్డు దించలేదు. మావయ్య వైపు తిరిగి, "బాబాయ్, నువ్వు చెప్పు. చూశాడా?" అంది.

అందరూ ఆయన నోటి వంకే చూస్తున్నారు. చూశాడు అన్న ఒక్క మాట చాలు, ఆ పూటకు అందరి ప్రాణాలూ కుదుటపడేవి.

"చూడలేదమ్మా" అన్నాడు.

"ఇన్నేళ్లు ఆటి దగ్గర ఉజ్జోగం చేశావు, ఒక్క మంచి మాట రాలేదంట్రా నీ నోటికి?" అని ముసలమ్మ మండిపడింది. మా అమ్మ కూడా తమ్ముడి చెయ్యి పట్టుకుని లాగింది. ఆయన కదల్లేదు.

"అది ఫైటరమ్మా. డేగ. దాని చూపంతా ఆకాశంలో ఇంకో విమానం మీదే. నువ్వు ఒకటి అనేలోగా పావు కిలోమీటరు దాటిపోద్ది. నీ చీర కాదు, ఊరే కనపడదు. పడవలు వెతకడానికి దాన్ని చెయ్యలేదు. మనుషుల కోసం వచ్చేది హెలికాప్టరు. పెద్దలు బందరెళ్లారు, దాని కోసమే."

"చూసి వదిలేసి పోలేదా?"

"లేదు తల్లీ."

"ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు అక్క తెడ్డు దించింది. నిన్నటి నుంచి ఏడవని మనిషి ఇసుకలో కూలబడి ఏడ్చింది. "నేను చూశాడనే అనుకున్నాను బాబాయ్. మావోణ్ణి కూడా అట్టాగే ఎవరో చూసి వదిలేశారనుకున్నాను" అంది. ముసలమ్మ వచ్చి అక్క తల ఒళ్లోకి తీసుకుంది.

మావయ్య కొంచెం దూరంలో, తడి ఇసుకలోనే కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా రాలేదు. మధ్యాహ్నం హెలికాప్టరు వచ్చింది. తక్కువ ఎత్తులో, నిదానంగా, నది కలిసే చోటి నుంచి లోపలికి చాలాసేపు వెతికింది. ఆయన చెప్పినట్టే అది చూడగలిగినదే. దానికీ ఏమీ దొరకలేదు. అది వెనక్కి వెళ్లిపోయాక కూడా అక్క అక్కడే ఉంది, ఆయనా అక్కడే ఉన్నాడు. అక్క తనంతట తాను లేచి ఇంటివైపు నడిచాకే ఆయన లేచి పంచెకు అంటిన ఇసుక దులుపుకున్నాడు.

బావ రాలేదు. ఆ పడవ తాలూకు చెక్క ముక్క కూడా రాలేదు.

ఇప్పుడు కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువుల వాళ్లకు నేను లెక్కలు వేసి పెడుతుంటాను. లెక్క తప్పకుండా చెప్పడం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు. కానీ మా నాన్నకు ఇక మందు పనిచేయదని డాక్టరు చెప్పిన రోజు, ఆ మాట అమ్మకు చెప్పే వంతు నాకు వచ్చింది. చుట్టాలంతా ఏదో ఒకటి చెప్పి నెట్టుకురమ్మన్నారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, తగ్గుతుందా అని అడిగింది. తగ్గదని చెప్పాను. మావయ్యకు ఆ రోజు ఎంత కష్టమైందో అప్పుడు తెలిసింది. ఆసుపత్రి వరండాలో గచ్చు మీద అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ లేచేదాకా నేను లేవలేదు.