మా ఆయన మొదటి కంట్రీ కాన్సర్ట్

మా క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ చూసుకునే ఆవిడ పంతొమ్మిదేళ్లుగా నాతో పనిచేస్తోంది. నాకు పేషెంట్ల ఊపిరితిత్తులు గుర్తుంటాయి గానీ పేర్లు గుర్తుండవు. పేర్లు ఆవిడ గుర్తుపెట్టుకుంటుంది. పోయిన వేసవిలో ఒక శుక్రవారం నా గదిలోకి వచ్చి, ఆదివారం కాన్సర్ట్‌కి తన దగ్గర మూడు టికెట్లున్నాయనీ, చెల్లెలూ మరిదీ రాలేమన్నారనీ, వాళ్ల బదులు నేనూ మా ఆయనా రావాలనీ చెప్పింది. పాడేది ఆవిడకు చాలా ఇష్టమైన కంట్రీ గాయని; కంట్రీ అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన పాట. ముప్పయ్యేళ్లుగా ఈ ఆర్కాన్సా రాష్ట్రంలో ఉండి ఒక్క కంట్రీ కాన్సర్ట్ కూడా చూడలేదని చెప్పుకోవడానికి నాకే సిగ్గేసి, సరేనన్నాను.

మా ఆయన అంత సులువుగా ఒప్పుకోలేదు. ఆయన రిటైరైన ఇంజనీరు. చిన్నప్పుడు రెండేళ్లు మృదంగం నేర్చుకున్నారు. ఆ రెండేళ్ల బలంతో నలభై ఏళ్లుగా విద్వాంసులకు మార్కులు వేస్తున్నారు.

"అందులో ఏముంటుంది? గిటార్ మీద మూడు కార్డ్స్, పాటలో ఒక కుక్క, వదిలేసి పోయిన పెళ్లాం," అన్నారు.

"మీరెప్పుడు విన్నారు?"

"వినక్కర్లేదు. గ్యాస్ స్టేషన్‌లో వినపడుతూనే ఉంటుంది."

మర్నాడు పొద్దున చూస్తే, కంట్రీ కాన్సర్ట్‌కి మొదటిసారి వెళ్లేవాళ్లు ఏమేం తెలుసుకోవాలో ఐప్యాడ్‌లో చదువుకుంటున్నారు. మధ్యాహ్నానికి షాపుకి డ్రైవ్ చేసుకుని వెళ్లి, మడమ ఎత్తున్న కౌబాయ్ బూట్లు, వెడల్పాటి టోపీ తెచ్చుకున్నారు. అవి వేసుకుని హాల్లో నాలుగుసార్లు అటూ ఇటూ నడిచి ఎలా ఉన్నాయని అడిగారు.

"బూట్లు బానే ఉన్నాయి. మీరే కొంచెం కుంటుతున్నారు," అన్నాను.

ఆదివారం సాయంత్రం ఎండ ఇంకా చుర్రుమంటుండగానే చేరాం. ఫ్రంట్ డెస్క్ ఆవిడ మామూలు జీన్స్‌తో, నడక బూట్లతో గేటు దగ్గర నిలబడి ఉంది. మా ఆయన్ని తలనుంచి కాళ్లదాకా చూసి, నవ్వు ఆపుకుని, "చాలా బాగున్నారు," అంది. ఆయన నమ్మేశారు.

గేటు దగ్గర నా హ్యాండ్‌బ్యాగ్ ఆపేశారు. లోపలున్నవి బయటికి కనపడే ప్లాస్టిక్ సంచి అయితేనే రానిస్తారట. నా బ్యాగులో పులిహోర డబ్బా కూడా ఉంది.

"ఈ రూల్ నేను నిన్ననే చదివాను," అన్నారు మా ఆయన తృప్తిగా.

"చదివినవాళ్లు చెప్పొచ్చు కదా," అన్నాను.

ఆ కొత్త బూట్లతో కారు దాకా వెళ్లి బ్యాగు పెట్టి రావలసింది ఆయనే అయింది.

కాసేపటికి ఒకావిడ గిటార్ పట్టుకుని స్టేజి మీదికి వచ్చి అరగంట పాడింది. మా ఆయన కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తూ విన్నారు. చుట్టూ సగం సీట్లు ఖాళీ. వచ్చినవాళ్లు కూడా మొక్కజొన్న కండెలు తింటూ కబుర్లలో ఉన్నారు. అది ఆయనకు నచ్చలేదు. చివరి పాట కాగానే ఒక్కరే లేచి నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆవిడ వంగి నమస్కరించి లోపలికి వెళ్లిపోయింది.

"పాపం, బాగా పాడింది. జనానికే మర్యాద లేదు. పద, ట్రాఫిక్ పెరగకముందే వెళ్దాం," అన్నారు టోపీ సర్దుకుంటూ.

నేనూ లేచాను. ఫ్రంట్ డెస్క్ ఆవిడ కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. "ఎక్కడికి డాక్టర్? అసలావిడ ఇంకా రానే లేదు. ఈవిడ ఓపెనర్."

మా ఆయన మెల్లిగా కూర్చున్నారు. "మన కచేరీలో మొదట పాడే వర్ణం అన్నమాట," అన్నారు నాకు మాత్రమే వినపడేలా.

అసలావిడ వచ్చేసరికి సీట్లన్నీ నిండిపోయాయి. అందరూ ఒక్కసారి లేచారు, మళ్లీ కూర్చోలేదు. రెండు పాటలు ఓపికపట్టి మా ఆయన అడిగారు, "వీళ్లెప్పుడు కూర్చుంటారు?"

"కూర్చోరు," అంది ఫ్రంట్ డెస్క్ ఆవిడ.

"మరి సీట్లకి నంబర్లెందుకు?"

ఆవిడ నవ్వేసి మళ్లీ పాటందుకుంది. డ్రమ్స్ దెబ్బలు నా పక్కటెముకల్లో మోగుతున్నాయి. నాలుగో పాటకి మా ఆయన కుడి బూటు నేల మీద తాళం వేయడం చూశాను. నేను చూశానని తెలిసి ఆపేశారు. ఆరో పాటకి దాచుకోవడం మానేశారు.

తర్వాత బ్యాండ్ ఆగిపోయి, ఆ గాయని ఒక్కతే నిదానమైన పాట ఎత్తుకుంది. నాన్న లారీ చప్పుడు కోసం వరండాలో ఎదురుచూసే పిల్ల పాట అది. అంతవరకూ ప్రతి పాటా గొంతెత్తి పాడిన మా ఫ్రంట్ డెస్క్ ఆవిడ పెదవులు కదపకుండా నిలబడింది. చెంపలు తడిశాయి.

"మా నాన్న కోళ్ల లారీ తోలేవాడు," అంది నావైపు తిరక్కుండా. "స్నానం చేసొచ్చినా జుట్టులో ఒక ఈక మిగిలేది. అది తీసే పని నాది."

పంతొమ్మిదేళ్లలో ఆ సంగతి నాకు తెలియదు. ఆవిడ భుజం మీద చెయ్యి వేశాను. మా ఆయన జేబులోంచి ఇస్త్రీ చేసిన రుమాలు తీసి ఆవిడకిచ్చి, టోపీ చేతిలోకి తీసుకుని, పాట అయ్యేదాకా తలవంచుకుని నిలబడ్డారు. ఇంటికి తిరిగొచ్చే దారంతా ఆయన ఎవరికీ మార్కులు వేయలేదు.

సోమవారం లంచ్ టైమ్‌లో నా డబ్బా తీసుకుని ఫ్రంట్ డెస్క్ దగ్గరికే వెళ్లి, ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, వాళ్ల నాన్న గురించి అడిగాను. ఆవిడ శాండ్‌విచ్ పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఒంటిగంటకి రావలసిన పేషెంట్ వచ్చి మా ఎదురుగా నిలబడినా ఇద్దరం గమనించలేదు. మేం తల తిప్పేసరికి అతను, మమ్మల్ని ఆపకుండా, ఒక పత్రిక తీసుకుని కూర్చుని ఉన్నాడు.