బండికి కట్టిన రవికె గుడ్డ

అక్కా, నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావకు దగ్గు ఎట్లా ఉంది? పిల్లలు కులాసానా?

ఈ రోజు మనవడికి పిల్లను చూడడానికి అల్లుడి కారులో తిరుత్తణికి బయలుదేరాము. దారిలో కారు ముందు నుంచి ఆవిరి బుస్సుమని లేచింది. అపశకునమని, ఇక సంబంధం తప్పినట్టేనని నా గుండె జారిపోయింది.

"ఏం భయం లేదత్తా, రేడియేటర్ రబ్బరు గొట్టం చీలింది, అంతే" అన్నాడు అల్లుడు. కట్టడానికి వేరే గుడ్డ లేక, పిల్లకు తెచ్చిన పట్టు రవికె గుడ్డనే చించి గొట్టానికి బిగించాడు. బండి కదిలింది.

తాంబూలం తట్టలో రవికె గుడ్డ లేదేమని పిల్ల తల్లి అడిగింది. నిజం చెప్పేశాను. పిల్ల పకపకా నవ్వి, "ఏమవ్వా, నాకంటే ముందు బండికే తాంబూలం ఇచ్చేసినారా?" అంది. అందరూ నవ్వారు. సంబంధం కుదిరింది! ఇంతకీ అది మంచి శకునమా, చెడ్డదా? నువ్వే చెప్పాలి.

మా ఇల్లు చూడడానికి వాళ్ళకు కారు పంపుతామంటే, "వద్దమ్మా, మేము రైల్లోనే వస్తాము" అన్నాడు పిల్ల తండ్రి. ఆ రైలు ఏమవుతుందోనని ఇప్పుడు నాకు దిగులు. వచ్చే శుక్రవారం వస్తున్నారు, నువ్వూ పొద్దున్నే వచ్చేయి.