కడుపు చిన్నదైన తర్వాత

బస్సు భూత్పూర్ దాటిందంటే నాకు నిద్ర ముంచుకొచ్చేది. టికెట్ మిషన్ ఒళ్లో ఉండగానే, ఎవరో చిల్లర కోసం చెయ్యి చాచి నిలబడి ఉండగానే, తల వాలిపోయేది. నేను మహబూబ్‌నగర్ నుంచి అచ్చంపేట వెళ్లే బస్సులో కండక్టర్ని. ఒకసారి బిజినేపల్లిలో దిగవలసిన ముసలామె నాగర్‌కర్నూల్ దాకా వచ్చేసింది. చూపు ఆనక, ఊరు రాగానే చెప్పమని నాతో ముందే చెప్పుకుంది.

"నిన్ను నమ్ముకొని కూసుంటి. నువ్వేమో గుర్రు వెడ్తివి" అని అందరి ముందూ ఏడ్చినంత పని చేసింది. ఆమెను ఎదురు బస్సు ఎక్కించి పంపాక డ్రైవర్ నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, జర దవాఖానల చూపిచ్చుకో. అది మామూలు గుర్రు కాదు. నడుమ ఊపిరి ఆగుతుంది నీకు. నేను రోజూ అద్దంల చూస్తనే ఉన్న."

నాకు తెలియక కాదు. అప్పటికే బస్సులో సీట్ల మధ్య నేరుగా నడవలేక అడ్డంగా తిరిగి నడిచేదాన్ని. సీటు అంచులు ఒరుసుకుని తొడల మీద నల్లగా కమిలిపోయి ఉండేది. మోకాళ్లు పట్టేసి, డిపో మెట్లెక్కాలంటే గోడ పట్టుకోవలసి వచ్చేది. షుగర్ ఉంది. మా బాపుకూ ఉండేది. ముందు వేళ్లు తీశారు, తర్వాత పాదం తీశారు, తర్వాత మోకాలి దాకా తీశారు. చివరికి మంచం మీద మిగిలిన బాపును చూసిన నేను, నా కాళ్లను చూసుకున్నప్పుడల్లా ఆయనవే గుర్తు చేసుకునేదాన్ని.

హైదరాబాద్ డాక్టర్ సూటిగా చెప్పాడు. కడుపులో ఎక్కువ భాగం కోసి తీసేస్తారు. అరటికాయంత గొట్టం మిగులుతుంది. దానితో బతకాలి. మందులు జీవితాంతం వేసుకోవాలి. "ఇది పని తేలిక చేస్తుంది గాని, పని మీరే చేయాలి" అన్నాడు.

ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. మా ఆయనకు పంక్చర్ షాపు ఉంది. ట్యూబు నీళ్లల్లో ముంచి చూస్తూనే అన్నాడు, "నోరు కట్టుకుంటే పోయేదానికి కడుపు కోసుకుంటరా ఎవరన్న?" మా అమ్మ మాతోనే ఉండేది. ఆమె రొట్టెల పిండి పిసుకుతూ కూర్చుంది. నేను నోరు కట్టుకోని ఏడాది లేదు. సగం రొట్టె తిన్నాను, తెల్లవారి గ్రౌండు చుట్టూ నడిచాను, వేడినీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగాను. తగ్గినట్టే తగ్గి, రెట్టింపు వచ్చేది. ఆ సంగతి ఎదుటివాళ్లకు ఎంత చెప్పినా, దొంగతనంగా తింటున్నానన్న చూపు వాళ్ల కళ్లలోంచి పోయేది కాదు.

నేను ఆపా, అంటే అక్క, అని పిలిచే మనిషిని ఆ ఆసుపత్రి వరండాలోనే మొదటిసారి చూశాను. మళ్లీ పరీక్షలకు వచ్చింది. ఆత్మకూర్‌లో బట్టలు కుట్టే మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అంతకుముందే ఆ ఆపరేషన్ చేయించుకుంది. డాక్టరే ఆమెను పిలిచి, "ఈమెకు మీరు చెప్పండి, మా మాట కంటే మీ మాట వింటారు" అని వెళ్లిపోయాడు. బుర్ఖా కొంగుతో ముఖం తుడుచుకుంటూ ఆమె నా పక్కన కూర్చుంది. మంచి మాటలు చెబుతుందనుకున్నాను.

"ఎంట్రుకలు కుప్పలు రాలుతయ్ చెల్లె. వాంతులయితయ్. దావత్‌ల ప్లేటు పట్టుకొని నిలవడితే అందరు నిన్నే చూస్తరు. ఒక్కోపారి ఎందుకు చేయించుకుంటి అని గోడకు తల కొట్టుకోబుద్ధయితది. ఇవన్ని తెలిసినంక గూడ చేయించుకుంటనంటే, నాకు ఫోన్ చెయ్యి. ఎప్పుడన్న చెయ్యి."

"మరి నువ్వు మంచిగున్నవా ఆపా?"

"మెట్లెక్కి మసీదు పక్క గల్లీల మా అక్క ఇంటికి పోతున్న. ఎన్నేండ్లయిందో పోక."

ఆ ఒక్క మాటకే నేను సరేననుకున్నాను.

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చెంచాలతో నీళ్లు తాగాను. అమ్మ జొన్న గటక పలచగా కలిపి, వడగట్టి తెచ్చేది. రెండు చెంచాలకే గొంతు దాకా నిండినట్టయ్యి చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. గిన్నె వెనక్కి తీసుకెళ్తూ అమ్మ ఒకసారి గడప దగ్గర ఆగింది.

"నీ కడుపు కోసిండ్రో, నా చేతులు కోసిండ్రో తెలుస్తలేదు బిడ్డా" అంది.

నేను నవ్వులాట అనుకున్నాను. ఆమె నవ్వలేదు.

ఒళ్లు కరగడం మొదలయ్యాక రోజూ ఎక్కే ప్రయాణికులే నన్ను గుర్తుపట్టలేకపోయారు. గుర్తుపట్టినవాళ్లు గొంతు తగ్గించి "ఏం రోగమమ్మా?" అని అడిగేవాళ్లు. లావుగా ఉన్నప్పుడు ఎవరూ అలా జాలిగా అడగలేదు. జాకెట్లు భుజాల మీద నుంచి జారిపోతుంటే ఆపా పంపించమంది. ఆత్మకూర్ బస్సు కండక్టర్ చేతికి సంచి ఇచ్చేదాన్ని. నాలుగు రోజులకు కుదించిన జాకెట్లు అదే బస్సులో తిరిగొచ్చేవి. లోపల కుట్టు విప్పుకునేలా బట్ట వదిలేది. "మొత్తం కత్తిరించొద్దు, ఎప్పుడేమయితదో" అనేది ఫోన్లో. నాకప్పుడు అది కుట్టుపని జాగ్రత్త అనే అనిపించింది.

మా పాలమూరు వైపు నుంచి ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లం కొందరం నెలకొకసారి మహబూబ్‌నగర్‌లో ఒక సారు ఇంటి డాబా మీద కలిసేవాళ్లం. సారు బడి పంతులు, ఆయనా మాలాంటివాడే. తిండి ఊసే తప్ప తిండి లేని కూటమి అది. మధ్యలో మంచినీళ్ల కూజా ఒక్కటే ఉండేది. పెళ్లిళ్లలో ఎలా తప్పించుకోవాలి, మొగుడికి ఎలా చెప్పాలి, వేలాడే చర్మాన్ని ఎలా దాచుకోవాలి, ఇవీ మా మాటలు. ఎవరైనా ఏడిస్తే ఆపా దగ్గరికి జరిగి వాళ్ల చెయ్యి తన ఒళ్లోకి తీసుకునేది. ఓదార్పు మాటలు చెప్పేది కాదు. అలా చెయ్యి పట్టుకునే, పక్కవాళ్లతో వేరే ముచ్చట మాట్లాడేది.

ఆడవాళ్లకు బస్సులో టికెట్ డబ్బులు లేకుండా ప్రయాణం వచ్చాక, నిలబడటానికి కూడా జాగా ఉండేది కాదు. పాత ఒంటితో అయితే నేను ఆ ఉద్యోగం మానుకోవలసి వచ్చేది. కొత్త ఒంటితో మనుషుల మధ్య నుంచి జారిపోతూ జీరో టికెట్లు కొట్టేదాన్ని. నిద్ర రావడం పోయింది. షుగర్ మాత్ర సగమైంది. అమ్మ మాత్రం నాకోసం వండటం మానేసింది. పుంటికూర పప్పు, పచ్చిపులుసు మా ఆయన వరకే చేసేది. నేను తింటానన్నా, "నీకెందుకు తియ్యి" అని తను వెళ్లి అరుగు మీద కూర్చునేది.

మరుసటి ఏడాది అమ్మకు గుండె జబ్బు ముదిరింది. జిల్లా దవాఖానాలో చేర్పించాం. ఒక పొద్దున ఆమెకు పాలల్లో నానబెట్టిన రొట్టె తినిపిస్తున్నాను. మూడో బుక్క ఆమె మింగలేదు. నా చేతిలోని గిన్నెలోంచి ఒక ముద్ద తీసి నా నోటి దగ్గర పెట్టింది.

"ఒక్క బుక్క తిను. నా కండ్ల ముంగట."

నెమ్మదిగా నమిలి తినాలని నాకు తెలుసు. కానీ ఆమె చూస్తోంది. గబుక్కున మింగేశాను. అది రొమ్ములో అడ్డం పడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, బాత్రూం దాకా వెళ్లే వ్యవధి లేదు. మంచం పక్కనే వాంతి చేసుకున్నాను. ముఖం కడుక్కుని వచ్చేసరికి అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. "అమ్మా, అది అట్లనే అయితది, నువ్వు పెట్టినందుకు కాదు" అని ఎన్నిసార్లు చెప్పానో. ఆమె తల ఊపింది గాని ఇటు తిరగలేదు. ఆ వారంలోనే పోయింది.

దినాల రోజు ఆపా ఆత్మకూర్ నుంచి వచ్చింది. హలాల్ కాని మాంసం ముట్టదని ఆమెకు పప్పుచారు విడిగా పెట్టాం. బంతిలో నా పక్కనే కూర్చుంది. నా ఆకులో పప్పుచారు అన్నం అలాగే ఉండిపోతే, ఎదురుగా ఉన్న మా మేనత్త అననే అంది: "తల్లి పేరు మీద పెట్టిన బువ్వ గూడ తినని కడుపు ఏం కడుపే!" ఆపా నా ఆకును తన వైపు లాక్కుని, అందులో ఉన్నదంతా కలుపుకుని తినేసింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అంత అన్నం ఆమెకు ఎలా పట్టిందన్న ఆలోచన ఆ రోజు నాకు రానే లేదు.

తర్వాతి నెల ఆపా డాబా మీదికి రాలేదు. ఆ తర్వాతి నెలా రాలేదు. ఫోన్ మోగేది గాని ఎత్తేది కాదు. ఒకరోజు మా కూటమి వాట్సాప్ గుంపులోంచి ఆమె తప్పుకుందని కనిపించింది. సారు నాతో, "వాళ్ల బిడ్డను అల్లుడు వదిలేసిండంట. పిల్లలతోని తల్లి దగ్గరికే వచ్చిందంట. ఆ రంధిల ఉన్నది కావచ్చు" అన్నాడు.

సెలవు చూసుకుని ఆత్మకూర్ వెళ్లాను. కుట్టు షాపు మూసి ఉంది. ఇంటికి వెళితే ఆమె బిడ్డ తలుపు తీసి, అమ్మ లేదంది. లోపలి గదికి వేలాడే పరదా కింద నుంచి ఆపా కాళ్లు కనిపిస్తున్నాయి. మడమల దగ్గర వాపు నాకు తెలిసిన వాపే.

"ఆపా, నేను. ఒక్కదాన్నే వచ్చిన."

ఆ కాళ్లు వెనక్కి జరిగాయి. తర్వాత పరదా వెనక నుంచే గొంతు వచ్చింది.

"నన్ను చూసి నువ్వు భయపడతవ్ చెల్లె. పో."

"నాకు భయం లేదు."

"ఉంటది. నీ గతి గిట్లనే అయితదేమో అని ఉంటది. మీ అందరికి ధైర్యం చెప్పిన మనిషిని. గిప్పుడు ఈ మొఖం పెట్టుకొని డాబా మీద ఎట్ల కూసోవాలె?"

పరదా నేనే పక్కకు జరిపాను. ముఖం ఉబ్బింది, గడ్డం కింద మడత మళ్లీ వచ్చింది. మంచం అంచున కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. అది ఆమెకు కనిపించింది కూడా. అయినా వెళ్లి పక్కన కూర్చున్నాను.

"పెద్ద బువ్వ తినలే చెల్లె, ఒట్టు, కసం. ఒక్కపారి గూడ కడుపు నిండ తినలే. చాయల ముంచి బిస్కిట్, పిల్లలు వదిలేసిన చాక్లెట్, పల్లిపట్టి ముక్క. పొద్దంత నోరు ఆడుతనే ఉంటది. బిడ్డ ఏడుస్తది, నేను ఒకటి నోట్ల ఏసుకుంట. కడుపు కోసిండ్రు గాని, ఆ అలవాటును ఎవ్వలు కోయలే."

నేను ఆమె చెయ్యి ఒళ్లోకి తీసుకున్నాను. మా డిపో ముచ్చట్లు చెప్పాను. వచ్చేటప్పుడు ఆమె అడిగింది ఒక్కటే: "గుంపుల చెప్పకు."

చెప్పలేదు. బతిమాలగా బతిమాలగా కొన్ని నెలలకు ఒక్కసారి వచ్చింది. డాబా మెట్ల మీద ఆగి ఆగి ఎక్కింది. పాతవాళ్లందరం లేచి జాగా ఇచ్చాం. ఆ రోజే నల్గొండ నుంచి ఒక కొత్తావిడ వచ్చింది, ఇంకా ఆపరేషన్ చేయించుకోలేదు. ఆపాను చూసి, తనలాంటి తోడు దొరికిందని ప్రాణం కుదుటపడినట్టు నవ్వింది.

"మీరు గూడ చేయించుకోనీకే వచ్చిన్రా అమ్మా? డేట్ ఇచ్చిన్రా?"

సారు కూజా వంచి గ్లాసులోకి నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

"నాది అయిపోయింది బిడ్డా" అంది ఆపా. "అయి చానా రోజులైంది. సన్నగయిన, మళ్ల గిట్లయిన. అడుగు, ఏమడుగుతవో అడుగు. ఈళ్లు చెప్పంది నేను చెప్త."

ఆ మధ్యాహ్నమంతా చెప్పింది. చాయ్ బిస్కిట్ల సంగతి, డాక్టర్ దగ్గరికి పోకుండా దాక్కున్న సంగతి, మాత్రలు మానేసిన సంగతి. కొత్తావిడ ముఖం వాడిపోయింది. గొంతు తగ్గించి ఏవో అడుగుతూనే ఉంది. తర్వాత ఆమె ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు ఫోన్ చేసేది నాకు కాదు, ఆపాకే. కానీ ఆపా మళ్లీ డాబా ఎక్కలేదు. ఆ రోజు బస్టాండులో నన్ను పట్టుకుని ఏడ్చి, "ఇంకోపారి నన్ను పిలవకు" అని బస్సెక్కింది.

ఆపరేషన్‌తో పోయిన షుగర్ ఆమెకు తిరిగొచ్చింది. ఇంకోసారి కోస్తామన్నారట, వద్దందట. నాకూ ఈ మధ్య కొంచెం బరువు పెరిగింది. తూకం మిషన్ ఎక్కే ముందు చెప్పులు విడిచి, కళ్లు మూసుకుంటాను. మంచి పనే చేశానా అని ఎవరైనా అడిగితే, చేశాననే చెబుతాను. కాళ్లు ఉన్నాయి, ఉద్యోగం ఉంది, నిద్రలో ఊపిరి ఆడుతోంది. ఇంట్లో మాత్రం నేను తినడం అయిపోయేసరికి మా ఆయన పళ్లెంలో ఇంకా వేడి పొగ లేస్తూనే ఉంటుంది. ఆయన తినేదాకా ఎదురుగా కూర్చుంటాను. మాట్లాడుకోవడానికి ఇద్దరికీ ఏమీ ఉండదు.

శుక్రవారం నమాజు వేళ దాటాక ఆపాకు ఫోన్ చేస్తాను. ఏం తిన్నావని ఆమె నన్ను అడగదు, నేనూ ఆమెను అడగను.