ఎదురొచ్చిన సర్పంచి

మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్ళకు కేటాయించారని తెలిసిన రోజున మా పార్టీ పెద్దాయన మా ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, కాఫీ తాగుతూ నన్ను ఎగాదిగా చూశారు. నేనప్పుడు కొత్తకోడలిని. నుదుట రూపాయంత బొట్టు, మోచేతుల దాకా గాజులు. "ఈ అమ్మాయిని నిలబెడదావండి, లక్ష్మీకళ ఉట్టిపడుతోంది" అన్నారు మావారితో.

అది తొంభైల నడిమి మాట. నాకు ఇరవయ్యో ఏడు నడుస్తోంది. ఇరవై ఒకటి నిండితే గాని నామినేషన్ చెల్లదు. ఆ సంగతి తలుపు పక్క నుంచి చెప్పింది మా వదినగారు, మావారి అక్క. చెప్పి ఊరుకోలేదు.

"నాకు ముప్ఫై ఆరు నిండేయి, బాబాయిగారూ. నేను నిలబడతానండి."

పెద్దాయనకు కాఫీ పొలమారింది.

వదినగారికి ఇరవై ఆరో ఏట భర్త పోయారు. పుట్టింటికొచ్చేసి కొబ్బరి దింపులు, వరికోతలు, కరెంటాఫీసు పనులు అన్నీ తనే చూసుకునేవారు. ఊళ్ళో సగం మంది రేషన్ కార్డు అర్జీలు ఆవిడ రాసినవే. నిలబడితే గెలుస్తారని పెద్దాయనకు తెలుసు. తెలిసినా ఏం లాభం? మా పార్టీలో మేనిఫెస్టో చదివినవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటే గొప్ప, పంచాంగం చూడనివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఎదుటి పార్టీ సంగతీ ఇంతే. పంచాయతీ ఎన్నికలకు పార్టీ గుర్తులుండవు గాని ఎవరు ఎటో ఊరందరికీ తెలుసు. ఎటున్నా సరే, బొట్టు లేని ఆడమనిషి పనిమీద వెళ్ళేవాళ్ళకు ఎదురు రాకూడదన్న దగ్గర రెండు పార్టీలూ ఒక్కటే.

పెద్దాయన చాలాసేపు కండువా సర్దుకుని చివరికి ఒక షరతు పెట్టారు. "నిలబడమ్మా, కాదనను. మనవాళ్ళు బయల్దేరేటప్పుడు మాత్రం ముందుండకు. కోడలు పిల్ల పసుపు కుంకాల పళ్ళెం పట్టుకుని ముందు నడుస్తాది. నువ్వు ఎనకాల రా."

"ఆయ్, అలాగేనండి" అన్నారు వదినగారు.

అంత సులువుగా ఒప్పుకోవడం నాకు ఆశ్చర్యమనిపించి, ఆయన వెళ్ళాక అడిగాను. కొబ్బరిముక్కలు ఎండబెడుతున్నారు. తల ఎత్తకుండానే అన్నారు. "నాకు కుర్చీ మీద మోజేం లేదే. పదేళ్ళ బట్టీ తలుపు పక్కనే నిలబడుతున్నాను. ఒక్కసారి నలుగురిలో ముందు నిలబడాలని ఉంది. అంతే." ఆ మాట ఎంత మామూలుగా అన్నారంటే, నాకు వెంటనే ఏడుపు రాలేదు. కాసేపయ్యాక వచ్చింది.

నామినేషన్ కాగితాలు ముందు ఐనవిల్లి వెళ్ళి వినాయకుడి పాదాల దగ్గర పెట్టించుకొచ్చారు పెద్దాయన. అక్కణ్ణుంచి మండలాఫీసుకి. ముందు నేను పళ్ళెంతో, నా వెనక పార్టీవాళ్ళు, అందరి వెనక వదినగారు. ఆఫీసరుగారు లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టారు. "అభ్యర్థిని నేను కాదండి, ఎనకాలున్నారండి" అన్నాను. ఆయన తొంగి చూసి, గోడ గడియారం చూసి, "ఇంకో పది నిమిషాలు వర్జ్యం ఉందండి. కూచోండి, అది వెళ్ళాక పుచ్చుకుంటాను" అన్నారు. ప్రభుత్వం కూడా మా పెద్దాయన పంచాంగమే చూస్తోందని అప్పుడు తెలిసింది. పది నిమిషాలయ్యాక వదినగారు నా భుజం మీంచి చెయ్యి చాచి కాగితాలిచ్చారు.

ఎదుటి పార్టీ తరఫున నిలబడ్డావిడ గడప దాటి బయటికి రాలేదు. తిరిగింది ఆవిడ భర్త. ఊళ్ళో ఆయన్ని కామందుగారు అనేవారు. పొద్దున్నే పూజ చేసుకుని, విభూతి పెట్టుకుని, సరిగ్గా ఏడింటికి పదిమందిని వెంటేసుకుని గుమ్మం దిగేవారు. మైకు కట్టిన జీపు సిద్ధంగా ఉండేది. ఒకరోజు ఆయన దిగుతుండగా పాలకేంద్రం నుంచి ఖాళీ క్యానుతో వస్తున్న వదినగారు ఎదురయ్యారు. కావాలని కాదు. కామందుగారు దిగిన కాలు వెనక్కి తీసుకుని, లోపలికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి కూర్చున్నారు. ఈలోగా దుర్ముహూర్తం వచ్చింది. అది వెళ్ళేసరికి వర్జ్యం. జీపు కదిలేసరికి పదిన్నర.

వదినగారు ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ స్తంభం పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "రేపు ఏ వీధిలోంచి వెళ్దామే?" అన్నారు.

ఆ తర్వాత రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. కామందుగారు ఏడింటికి బదులు ఆరింటికే దిగారు, వదినగారు ఐదుంపావుకే తయారు. పెరటి గుమ్మంలోంచి వెళ్ళబోతే అక్కడ కరివేపాకు అడగడానికి వచ్చినావిడ వదినగారే. ఒకసారి జీపు మానేసి కాలవలో పడవెక్కబోయారు. రేవులో చీర జాడిస్తున్న వదినగారు లేచి, "నమస్కారమండీ అన్నయ్యగారూ, మీ ఓటు నాకేనండి" అన్నారు. అన్నిటికన్నా గొప్పది నా వంతు. నిండుబిందె చంకన పెట్టుకుని నేను ఎదురొచ్చాను. ముత్తైదువ, పైగా నిండు బిందె! కామందుగారి ముఖం వికసించింది. చెయ్యెత్తి దణ్ణం పెట్టుకుని, కుడికాలు ముందు పెట్టి దిగారు. నేను పక్కకు తప్పుకున్నాను. నా వెనక వదినగారు.

కామందుగారు పెద్దాయనకు కబురంపారు, మీ అభ్యర్థిని మా ఇంటివైపు రానివ్వకండని. వదినగారు ఎంతో వినయంగా, "వాళ్ళింట్లోనూ ఓట్లున్నాయి కదండీ, అడగొద్దా?" అన్నారు. కామందుగారు గుమ్మం దగ్గరే గడిపిన పొద్దులన్నీ మేం ఇల్లిల్లూ తిరిగాం. కొద్ది ఓట్ల తేడాతో గెలిచాం.

గెలిపించింది కోడలి పళ్ళెమేనని పెద్దాయన అందరికీ చెప్పారు. నేను కాదనలేదు. నిజం చెప్పొద్దూ, ముందు నడవడం నాకు బాగానే ఉండేది. అందరూ దారివ్వడం, ఆఫీసర్లు దణ్ణం పెట్టడం ఎవరికి చేదు? సర్పంచి అయ్యాక కూడా ఏ పని మొదలుపెట్టినా కొబ్బరికాయ నా చేతికే వచ్చేది. వదినగారు వెనక నిలబడి సంతకాలు పెట్టేవారు. ఒక్కసారి ముందు నిలబడాలన్న ఆవిడ కోరిక అలాగే ఉండిపోయింది. నేనూ మరిచిపోయినట్టే ఉన్నాను. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఏడాది తిరిగాక మంచినీళ్ళ ట్యాంకు పూర్తయింది. ఎండాకాలం కాలవలు కట్టేస్తే చుక్క నీటికి అల్లాడే ఊరు మాది. ఆ ట్యాంకు కోసం వదినగారు ఎన్నిసార్లు అమలాపురం బస్సెక్కారో లెక్కలేదు. మొదటి కుళాయి తిప్పే రోజున పెద్దాయన మామూలుగా కొబ్బరికాయ తెచ్చి నా చేతిలో పెట్టారు. వెనక్కి చూస్తే వదినగారు జనంలో ఎక్కడో ఉన్నారు, తల ఒక్కటే కనిపిస్తోంది. నా చేతిలో కాయ ఒక్కసారిగా బరువెక్కింది.

"నేను కొట్టనండి, బాబాయిగారూ. సర్పంచిగారు కొట్టాలండి" అన్నాను.

"ఓసి పిల్లా, శుభమా అని..." అంటూ ఆయన మొదలుపెట్టేలోగా ఇంజనీరుగారు వాచీ చూసుకుని, "ముహూర్తం దాటిపోతోందండి, ఎవరో ఒకరు కానివ్వండి!" అని కంగారుపడ్డారు. ముహూర్తం దాటిపోతుందంటే పెద్దాయన నోరు పడిపోతుంది. నేను జనంలోకి వెళ్ళి కాయ వదినగారి చేతిలో పెట్టి, రెక్క పట్టుకుని ముందుకు తెచ్చాను. ఆవిడ ఒక్క దెబ్బకు కొట్టి, కుళాయి తిప్పారు.

బుస్సుమని గాలి వచ్చి, దాని వెంట ఎర్రటి మట్టినీళ్ళు వచ్చి పెద్దాయన మల్లెపువ్వులాంటి పంచె మీద పడ్డాయి. జనమంతా వదినగారి వైపు చూశారు.

"గొట్టంలో మట్టండి. రెండు నిమిషాలు వదలాలి. కొంచెం పక్కకి జరగండి, బాబాయిగారూ" అన్నారు వదినగారు. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఆడవాళ్ళు, చివరికి పెద్దాయనే పంచె పిండుకుంటూ నవ్వేశారు. రెండు నిమిషాలకు తేటనీళ్ళు వచ్చాయి.

"ముత్తైదువులు ముందు రండమ్మా" అని పెద్దాయన కేకేశారు. బిందెలు తోసుకొచ్చాయి. వదినగారు అందరినీ ఆపి, గోడ పక్కన ఖాళీ బిందెతో నిలబడ్డ ముసలావిడ దగ్గరకు వెళ్ళారు. ఆవిడ కామందుగారి తల్లి. మా వదినగారిలాగే బొట్టు లేని మనిషి.

"పిన్నిగారూ, మొదటి బిందె మీదండి. రండి."

"వద్దమ్మా. మావాడు పనిమీద రాజమండ్రి బయల్దేరుతున్నాడు. జీపు ఇటే వస్తాది, నేను ఎదురు పడకూడదు. ఇరవై ఏళ్ళ బట్టీ వాడు గుమ్మం దిగేటప్పుడు నేను పెరట్లోకెళ్ళిపోతానమ్మా."

వదినగారి ముఖంలో నవ్వు పోయింది. కామందుగారిని వెనక్కి పంపి మేం పొట్టలు పట్టుకుని నవ్విన ప్రతి పొద్దున్నా ఈవిడ పెరట్లోనో, ఏ మూలనో నిలబడి ఉందన్నమాట. వదినగారు ఆవిడ చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరకు తీసుకొచ్చి, బిందె నింపి, చంకకు ఎత్తారు.

అప్పుడే జీపు వచ్చింది. ముసలావిడ గబగబా వదినగారి వెనక్కి చేరబోయింది. వదినగారు పక్కకు జరిగిపోయారు. తల్లీ కొడుకూ ఎదురెదురుగా మిగిలారు. కామందుగారు జీపు దిగి, తల్లినీ ఆవిడ చంకలో తొణుకుతున్న బిందెనూ చూశారు.

"అంత బరువు నువ్వెందుకెత్తుకున్నావే అమ్మా? ఇలా తే" అని బిందె అందుకున్నారు. "నడు, ఇంటికాడ దింపుతాను."

తల్లి ఎదురొచ్చిందని వెనక్కి తిరిగారో, బరువు మోస్తోందని తిరిగారో నేనిప్పటికీ చెప్పలేను. ఆ రోజు మాత్రం ఊరంతా చూస్తుండగా వీధి నడిమధ్యన ఆవిడ ముందు నడిచింది, కామందుగారు నీళ్ళబిందె భుజాన పెట్టుకుని వెనక నడిచారు.