గూడ్సు ట్యాంకుల మీద తెరచాప పడవ

రాజమండ్రికి ఫ్లెక్సు బోర్డులు వచ్చిన కొత్తలో మా ఇంట్లో ఆ మాట ఎత్తితే చాలు, మా ఆయన లేచి వీధిలోకి వెళ్లిపోయేవారు. ఆయన బోర్డులు రాసే పెయింటరు. బట్టల షాపుల పేర్లు, బడి గోడల మీద సూక్తులు, అన్నిటికన్నా ఎక్కువగా లారీల మీద బొమ్మలు. లారీ డోరు మీద ఆయన వేసిన పులిని చూసి కుక్కలు మొరిగాయని చెప్పుకునేవారు. నేను చూడలేదనుకోండి, ఆయన చెప్పగా విన్నదే.

అలాంటి మనిషిని షాపుల వాళ్లు ఒక్కొక్కరే, "పొద్దున్న చెబితే సాయంత్రానికి ఫ్లెక్సు వచ్చేస్తోందండీ, ఏమనుకోకండి" అని మర్యాదగా పంపించేయడం మొదలుపెట్టారు. ఆ ఫ్లెక్సు షాపుల్లో ఒకటి మా తమ్ముడిదే. వాడోరోజు ఇంటికొచ్చి, "బావ ఖాళీగా కూర్చోవడం దేనికక్కా? మా షాపుకి రమ్మను. కౌంటర్లో కూర్చుని ఆర్డర్లు రాసుకుంటే చాలు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు పాపం. కానీ బావమరిది కౌంటర్లో కూర్చుని, తన చేత్తో రాసిన బోర్డుల్ని దింపించి ఫ్లెక్సులు కట్టించడమంటే ఆయనకి తల కొట్టేసినట్టయింది. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు, "నెలాఖరు సోమవారం నుంచి వస్తానని మీ తమ్ముడికి చెప్పు" అన్నారు. నేనే వెళ్లి చెప్పాను. చెప్పి వచ్చి వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే తోమాను.

సరిగ్గా అప్పుడే కాకినాడ వైపు నుంచి ఓ నూనెల కంపెనీ మేనేజరు గారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. కంపెనీలు సొంతంగా వ్యాగన్లు కొనుక్కోవచ్చని రైల్వే వాళ్లు వీలిచ్చాక వీళ్ల షావుకారు గారు ముప్పై రెండు ట్యాంకు వ్యాగన్లు కొన్నారట. తెల్లరంగు వేసి సిద్ధంగా ఉంచారట. వాటికి రెండు పక్కలా కంపెనీ బొమ్మ వేయాలి. ఫ్లెక్సేమో ఎండకీ వానకీ ఆగదు, పైగా గుండ్రటి ట్యాంకుకి అతకదు. మేనేజరు గారు జేబులోంచి విజిటింగు కార్డు తీసి చూపించారు. నీలం రంగులో తెరచాప పడవ, వెనక గడకర్ర పట్టుకుని ఓ మనిషి.

"శుక్రవారం పొద్దున్న షావుకారు గారు స్వయంగా వచ్చి పూజ చేయించి బండి పంపిస్తారండి. ఆయనకి బాగుందనిపిస్తే ఇకమీదట వ్యాగన్లు, గోడౌన్లు, ట్యాంకులు అన్నీ మీ చేతికే. బాగాలేదంటే మాత్రం నేనేం చెయ్యలేనండి" అన్నారు మేనేజరు గారు. మా ఆయన నావైపు చూశారు. ఆ శుక్రవారం తర్వాత వచ్చేదే నెలాఖరు సోమవారం.

మా పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ గోదావరి స్టేషన్‌కి దగ్గరే. గూడ్సు బళ్లు చూస్తూనే పెరిగాను. ఎండిన ఇటుక రంగు పెట్టెలు, వాటి మీద తెల్లటి పొడుగాటి నంబర్లు, హిందీలో రెండక్షరాలు, ఇంగ్లీషులో రెండక్షరాలు. ఆయిలు ట్యాంకులైతే మసిబారిన వెండి రంగు. అన్నీ ఒకే తీరు. నాకు వాటిలో చూడ్డానికేమీ కనబడేది కాదు. మా ఆయన మాత్రం గేటు పడితే సైకిలు దిగి, "ఆ అంకెకీ ఈ అంకెకీ మధ్య ఖాళీ ఎంత కుదురుగా ఉందో చూడు. ఎవడిదో గానీ తిరిగిన చెయ్యే" అనేవారు. బండి వెళ్లిపోయి గేటెత్తేసినా కదిలేవారు కాదు. వెనక లారీ వాళ్ల తిట్లు నేను తినేదాన్ని. 

రంగు అద్దే అచ్చులు, అదే స్టెన్సిళ్లు, కోసేది నేనే. పెళ్లయిన కొత్తలో సరదాకి బ్లేడు పట్టుకున్నాను, తర్వాత అది నా పనైపోయింది. రేకు స్టెన్సిలు గుండ్రటి ట్యాంకు మీద వంగదు. అందుకని తెలిసిన కాంపౌండరు దగ్గర పాత ఎక్స్‌రే ఫిలిములు అడిగి తెచ్చాను. వాటిని టేపుతో అతికిస్తే నా ఎత్తు పరుపంత అయింది. ఎవరివో పక్కటెముకల మీద పడవ గీసి, ఎవరిదో మోకాలి మీద తెరచాప కోశాను. మా అత్తగారు అటువైపు రావడమే మానేశారు.

రెండో పక్కకి ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. మా ఆయనకి అందులో సందేహమే లేదు. "లారీకి పులి వేస్తే రెండు పక్కలా మూతి బానెట్ వైపే ఉండాలి. వెనక్కి నడిచే పులిని ఏ ఓనరైనా ఒప్పుకుంటాడా? పడవ కూడా అంతే, రెండు పక్కలా ఇంజను వైపే పోతూ ఉండాలి" అన్నారు. అయితే మరో స్టెన్సిలు ఎందుకు, ఇదే ఫిలిము బోర్లా తిప్పి పెడితే సరి, అన్నాను నేను. "అబ్బో, నీకు బుర్ర ఉందే!" అన్నారాయన. నేను ఆ రోజంతా ఆ మెప్పుతోనే తిరిగాను. ఇద్దరం చెరో పక్కా పని చేసుకోవడానికి వీలుగా రెండు ఫిలిములు కోసుకున్నాం.

కాకినాడలో వాళ్ల ఫ్యాక్టరీ పక్కన సైడింగులో, అంటే మెయిన్ లైను నుంచి చీలిన పట్టాల మీద, ట్యాంకులు వరసగా నిలబడి ఉన్నాయి. తెల్లగా, కొత్త పెళ్లికొడుకుల్లా. ఇంజను ఎటు తగులుతుందని గేటు కాపలాదారుణ్ణి అడిగాం. "మెయిన్ లైను వైపండి" అన్నాడు చెయ్యి చూపించి. అంతే, ఇంకేం కావాలి మాకు? ఫిలిము పెట్టడం, నీలం ఎనామిల్లో స్పాంజి ముంచి అద్దడం, తియ్యడం, నిచ్చెన జరపడం. నేను చీర కుచ్చెళ్లు దోపుకుని ఒక పక్క, ఆయన ఒక పక్క. బుధవారం మధ్యాహ్నానికి అరవై నాలుగు పడవలు పూర్తయ్యాయి. దూరంగా నడిచి వెళ్లి వెనక్కి తిరిగి చూశాం. పడవలన్నీ మెయిన్ లైను వైపు ముక్కు పెట్టి బారుగా బయల్దేరినట్టున్నాయి. మా ఆయన కళ్లు తుడుచుకున్నారు. పెయింటు ఘాటు అన్నారు.

ఆ సాయంత్రమే రైల్వే వాళ్లు బండి తనిఖీకి వచ్చారు. చేతిలో సుత్తి పట్టుకుని, చక్రాలు తట్టుకుంటూ ఓ పెద్దాయన. రిటైరవడానికి దగ్గరపడ్డ మనిషి. మా దగ్గర ఆగి పడవల్ని పరకాయించి చూసి, "చాలా బాగున్నాయండి. నా సర్వీసులో గూడ్సు బండికి ఇంత శోభ చూళ్లేదు" అన్నారు. ఫ్లాస్కులో టీ ఉంటే పోశాను. రెండు గుక్కలు తాగి, నవ్వుతూ అడిగారు.

"అంతా బాగుంది గానీ, తిరిగొచ్చేటప్పుడు ఇవన్నీ వెనక్కి నడుస్తూ వస్తాయి కదండీ, ఫర్వాలేదా?"

"వెనక్కెందుకు వస్తాయండి? తిప్పుకుని వస్తారు కదా" అన్నారు మా ఆయన.

"ఏంటి తిప్పేది? నూనె దింపాక ఇంజను ఈ కొస నుంచి విప్పి ఆ కొసకి తగిలిస్తారు. లాక్కుని వచ్చేస్తారు. వ్యాగన్లు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. లారీ అనుకున్నారేంటండీ, దీనికి మూతెక్కడుంది, తోకెక్కడుంది?"

మా ఆయన టీ గ్లాసు కింద పెట్టేసి, మళ్లీ ఆ కొస నుంచి ఈ కొస దాకా పడవల్ని చూశారు. పుట్టిన దగ్గర్నుంచీ రైలు గేటు పక్కన బతికిన దాన్ని. రోజుకెన్ని గూడ్సులు చూశాను! ఇంజను అటు కొసకి తగిలించుకుని కొన్ని, ఇటు కొసకి తగిలించుకుని కొన్ని. ఎన్నడూ ఈ చిన్న విషయం బుర్రకెక్కలేదు. ఛీ, కళ్లున్నాయి దేనికి? పెద్దాయనకి మా మొహాలు చూశాక విషయం అర్థమై, "అయ్యో, నేనేదో సరదాకి అన్నానమ్మా" అని నొచ్చుకుంటూ వెళ్లిపోయారు.

కాకినాడలో మా మరదలి పుట్టింట్లో దిగాం అప్పుడు. అక్కడికి వెళ్లి, గోళ్లలో నీలం రంగు గీక్కుంటూ కూర్చున్నారాయన. చివరికి, "సోమవారం ఎలాగూ ఉంది కదా" అన్నారు. ఆ గొంతు వినేసరికి నాకు ఒళ్లు మండిపోయింది.

"చాల్లెండి. శుక్రవారం బండి ముందుకే కదా పోయేది. అప్పుడు బాగానే కనిపిస్తుంది. తర్వాత సంగతి తర్వాత చూసుకుందాం. నోరు మూసుకుని కూర్చోండి" అన్నాను.

"పది రోజుల్లో తిరిగొస్తుంది. షావుకారు గారు చూడకపోయినా నేను చూస్తాను కదే" అన్నారు.

ఆయన అంతే. బోర్డులో అక్షరం ఓ వెంట్రుక పక్కకి పోయినా మళ్లీ వెళ్లి దిద్దొచ్చే మనిషి. పెళ్లైన ఇన్నేళ్లలో ఆ గుణం మీద విసుక్కోని రోజు లేదు, ఆ గుణం లేని మనిషైతే బాగుండేదనుకున్న రోజూ లేదు.

చెరిపేసి మళ్లీ వేద్దామంటే ఎటు తిప్పి వేస్తాం? అటు తిప్పినా ఇటు తిప్పినా ఒక ప్రయాణం వెనక్కే. కోపంతో ఫిలిము తీసి చుట్టబోయాను. రెండు ఫిలిములూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఒకటి తిన్నగా, ఒకటి బోర్లా. కిటికీలోంచి పడే వీధిదీపం వెలుగుకి పట్టుకుని సరిచేస్తుంటే కనబడింది. రెండూ తెరచాప స్తంభం దగ్గర కలిపితే, తెరచాప రెండు వైపులా గాలి పోసుకుని నిండుగా విచ్చుకుంది. పడవకి రెండు కొసలూ పైకి లేచాయి. ఎటు వెళ్లినా అదే ముందు.

"ఏవండీ, ఇటు రండి" అన్నాను. ఆయన వచ్చి చూశారు. "మనిషి ఇద్దరయ్యాడే" అన్నారు. నిజమే. గడకర్రవాడు అటొకడు, ఇటొకడు. "ఉండనివ్వండి, ఒక్కడే ఎంతని తోస్తాడు" అన్నాను. వారం రోజుల్లో మొదటిసారి ఆయన నవ్వారు.

గురువారం తెల్లారేసరికి సైడింగులో ఉన్నాం. ఉన్న పడవ మీదే ఫిలిము బోర్లా పెట్టి మళ్లీ అద్దడం. ఆయన ముప్పై రెండు, నేను ముప్పై రెండు. మధ్యాహ్నం భోజనం కూడా నిచ్చెన మెట్టు మీదే. పొద్దు వాలేసరికి పని అయింది గానీ నా కుడి చెయ్యి పైకి లేవలేదు. మేనేజరు గారు వచ్చి చూసి నోరు వెళ్లబెట్టారు. "కార్డు మీద ఇలా లేదు కదండీ! కొంప ముంచారు కదండీ!" అని తల పట్టుకున్నారు. చేసేదేముంది, అప్పటికి రంగు ఆరిపోయింది.

శుక్రవారం షావుకారు గారు వచ్చారు. తెల్ల పంచె, పెద్దగా మాట్లాడని మనిషి. పంతులు గారు ఇంజనుకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. షావుకారు గారు ట్యాంకుల వెంట నడుచుకుంటూ వెళ్లారు. మూడో ట్యాంకు దగ్గర ఆగారు. జేబులోంచి కార్డు తీశారు. కార్డు వంక, ట్యాంకు వంక చూశారు. మేనేజరు గారు నావైపు చూసిన చూపు నేను ఈ జన్మలో మర్చిపోను.

మా ఆయన్ని చెయ్యి పట్టి ఆపుదామనుకున్నాను. అప్పటికే ముందుకెళ్లిపోయారు. చేతులు కట్టుకుని, "తప్పు నాదేనండి. నేను లారీల పెయింటర్ని. వ్యాగనుకి కూడా ముందూ వెనకా ఉంటుందనుకున్నాను" అని మొదలుపెట్టి, ఉన్నదున్నట్టు అంతా చెప్పేశారు. పులి సంగతి కూడా చెప్పారు. అది చెప్పక్కర్లేదు కదా!

షావుకారు గారు విన్నారు. "ఇద్దరెందుకున్నారు?" అన్నారు గడకర్రవాళ్లని చూపించి.

నేనే అన్నాను. "ఒకతను వెళ్లేటప్పుడు తోస్తాడండి. ఒకతను వచ్చేటప్పుడు."

షావుకారు గారు నన్ను తేరిపార చూశారు. "నాకు కార్డు మీద బొమ్మే బాగుందమ్మా" అన్నారు. ఆయన ఇంకా కార్డు వంకే చూస్తూ, "కానీ వ్యాపారం చేసుకునేవాడికి వెనక్కి నడిచే పడవ పనికిరాదు" అన్నారు. మేనేజరు గారి వైపు తిరిగి, కార్డు ఆయన చేతిలో పెట్టారు. "కార్డులే మార్పించండి. ఇలా వేయించండి. గోడౌన్ గోడల మీదా ఇదే. వీళ్లనే పిలవండి."

అమ్మయ్య! ఆ క్షణం నాకు ఏడుపొచ్చిందో నవ్వొచ్చిందో చెప్పలేను, రెండూ వచ్చాయి. మా ఆయన పట్టాల పక్కన కంకర మీద కూలబడి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బండి కదిలి ఆఖరి ట్యాంకు కనబడకుండా పోయేదాకా చూస్తూ కూర్చున్నారు. మేనేజరు గారు వచ్చి ఆయన భుజం తట్టి మరీ వెళ్లారు.

గేటు బయట ఎస్టీడీ బూత్ ఉంది. నేను వెళ్లి రాజమండ్రికి ఫోను చేశాను. మా తమ్ముడే ఎత్తాడు.

"సోమవారం కుర్చీ కొత్తది వేయిస్తున్నానక్కా బావకి" అన్నాడు సంబరంగా.

"వద్దురా. మీ బావ రారు" అన్నాను.

"ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగుందిరా. పనుంది ఆయనకి" అన్నాను. ఆ ఒక్క మాట గట్టిగా, బూత్ అబ్బాయికి కూడా వినపడేటట్టు అన్నాను.